కొరియా స్త్రీల ఆత్మగౌరవం, కాపరి పరిచర్య: "నేను లోటున్న మనిషిని" అనే మాటకు ఏమని బదులివ్వాలి?

ప్రశ్న: వేదవిద్యార్థిని

అందరికీ వందనములు. నేను సియోల్‌లోని ఒక వేదాంత కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్నాను. చదువులో భాగంగా నన్ను ఒక కొరియన్ సంఘంలో స్త్రీల కూటానికి సహాయకురాలిగా పంపించారు. ఆ సంఘం పేరు రాయను. వ్యక్తుల విషయంలో కూడా గుర్తుపట్టడానికి వీలున్న సంగతులు కొన్ని మార్చి రాస్తున్నాను.

మా కూటంలో అరవై దాటిన ఒక క్వోన్సా ఉన్నారు. తెలియనివారి కోసం చెబుతున్నాను: క్వోన్సా అనేది ఇక్కడి ప్రొటెస్టంట్ సంఘాల్లో వయసు, అనుభవం ఉన్న స్త్రీలకు అప్పగించే బాధ్యత. రోగులను పరామర్శించడం, దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చుని ప్రార్థించడం వారి పని. ఈ అమ్మగారు దశాబ్దాలుగా తెల్లవారుజాము ప్రార్థన మానలేదని అందరూ చెబుతారు. ఆదివారం ఆరాధన తర్వాత సంఘమంతటికీ భోజనం వండే వంటగదిలోకి అందరికంటే ముందు వచ్చేదీ, గిన్నెలన్నీ బోర్లించాక చివరగా వెళ్ళేదీ ఆమే. ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు కొడుకు ఉద్యోగం, భర్త మోకాళ్ళు, మనవడి పరీక్ష అంటూ చెబుతారే తప్ప తన కోసం ఏమీ అడగగా నేను వినలేదు. ఎవరైనా కృతజ్ఞత తెలిపితే తల వంచి, "నేను లోటున్న మనిషిని" అంటారు.

మొదట్లో దాన్ని ఇక్కడి మర్యాద అనుకుని ఊరుకున్నాను. కానీ ఒకరోజు ఇద్దరమే గిన్నెలు కడుగుతున్నప్పుడు ఆమె నా వైపు చూడకుండానే, తాను ఎవరికైనా అక్కరకు వచ్చినంతసేపే ఉన్నట్టు అనిపిస్తుందనీ, పని అయిపోయిన మరుక్షణం తాను లేనట్టే ఉంటుందనీ అన్నారు. రాత్రుళ్ళు గుండెల్లో మంట పైకి తన్నుకొస్తుందనీ, నిద్ర పట్టదనీ, ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారనీ కూడా చెప్పారు.

ఆ తరువాతి ఆదివారం ప్రసంగం, తన్ను తాను ఉపేక్షించుకొని సిలువ నెత్తుకోవడం గురించి. ఆమె తల ఊపుతూ, ప్రతి మాటా చిన్న పుస్తకంలో రాసుకుంటూ కనిపించారు. నాకు మాత్రం కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. ఈమె దగ్గర ఉపేక్షించుకోవడానికి ఇంకా ఏం మిగిలి ఉంది అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఇటువంటి స్త్రీతో ఆత్మగౌరవం గురించి మాట్లాడటం సువార్తకు తగినదేనా, లేక నేను బయటి మాటను సంఘంలోకి మోసుకొస్తున్నానా? మాకు పాఠంగా చెప్పే ఆప్త సలహా (కౌన్సెలింగ్) పుస్తకాలు ఎక్కువగా అమెరికాలో రాసినవి. "మీకేం కావాలో మీరు నిర్ణయించుకోండి" అని అవి నేర్పే పద్ధతి ఈమెకు సరిపడుతుందా? వయసులో చిన్నదాన్ని, పైగా పరదేశిని అయిన నేను ఏ మేరకు కల్పించుకోవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: చరిత్ర పాఠకుడు

సోదరి గారికి వందనములు. మీ రెండో పేరాలోని ఒక్క సంగతి పట్టుకుని మాట్లాడతాను. ఆమెను మీరు మొదటి నుంచి చివరి దాకా "క్వోన్సా" అనే రాశారు. గోప్యత కోసం అలా రాసి ఉంటారు గానీ, సంఘంలో కూడా ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరన్నది నిజం. ఇంట్లో ఫలానావాడి తల్లి, అత్తవారింటి బంధువుల్లో ఫలానా ఇంటి కోడలు, సంఘంలో క్వోన్సా.

ఈ పద్ధతి వెనుక చాలా పాత చరిత్ర ఉంది. చొసోన్ రాజ్యకాలంలో కన్‌ఫ్యూషియన్ నీతి స్త్రీకి మూడు విధేయతలు విధించింది: పుట్టింట తండ్రికి, పెళ్ళయ్యాక భర్తకు, భర్త పోయాక కొడుకుకు. భార్యను వెళ్ళగొట్టడానికి చెప్పిన ఏడు కారణాల్లో కొడుకును కనకపోవడం ఒకటి, ఎక్కువగా మాట్లాడటం మరొకటి. సామాన్య స్త్రీలు ఎందరికో చిన్ననాటి ముద్దుపేరు తప్ప వేరే పేరే ఉండేది కాదు. పెళ్ళయ్యాక అదీ పోయి, పుట్టిన ఊరి పేరుతోనో కొడుకు పేరుతోనో పిలిపించుకునేవారు.

1880ల నడుమ మిషనరీలు వచ్చి సంఘాలు ఏర్పడినప్పుడు, బాప్తిస్మం నాడు ఈ స్త్రీలలో చాలామందికి జీవితంలో మొదటిసారిగా తమదంటూ ఒక పేరు వచ్చింది. మిషనరీ మేరీ స్క్రాంటన్ 1886లో సియోల్‌లో ఒకే ఒక్క విద్యార్థినితో బడి మొదలుపెట్టారు. మరుసటి ఏడు రాజభవనం దానికి "ఇహ్వా", అంటే బేరిపువ్వు, అని పేరిచ్చింది. ఈనాటి ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయం అదే. ఆ బడిలో చదువుకున్న కిమ్ జొమ్‌దోంగ్ బాప్తిస్మంలో ఎస్తేరు అయ్యారు. ఆమె అమెరికాలోని బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1900లో పట్టా పుచ్చుకుని, పాశ్చాత్య వైద్యం నేర్చిన మొట్టమొదటి కొరియా స్త్రీగా తిరిగివచ్చి, 1910లో క్షయతో మరణించేదాకా రోగులకు సేవ చేశారు. చరిత్రలో ఆమె ఎస్తేర్ పాక్‌గా నిలిచిపోయారు. పాక్ అనేది భర్త ఇంటిపేరు. పెళ్ళయినా పుట్టింటి పేరు మార్చుకోని దేశంలో, కొత్త పేరు ఇచ్చిన చేతులే తమ దేశపు అలవాటు చొప్పున భర్త ఇంటిపేరునూ తగిలించాయి. మిషనరీలను తక్కువ చేయడానికి నేనిది చెప్పడం లేదు. విడుదల కూడా ఎవరో ఒకరి ఆచారపు గుడ్డలోనే చుట్టి వస్తుందని మీరు గుర్తుంచుకోవాలని చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఇచ్చే చోట మీరు ఉన్నారు.

వీరితోపాటు "జొందో బుయిన్" అని పిలిచిన బైబిలు స్త్రీలు ఉండేవారు. వీరిలో విధవలు, ఇంటినుంచి తోసివేయబడినవారు చాలామంది. సువార్త పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి, మగవాళ్ళు అడుగుపెట్టకూడని లోపలి గదుల్లోకి వెళ్ళి, ఆడవాళ్ళకు హంగుల్ అనే కొరియన్ లిపి అక్షరాలు నేర్పి చదివించారు. చదువుకున్న మగవారు చీనా లిపినే గౌరవించి, హంగుల్‌ను ఆడవాళ్ళ రాత అని చిన్నచూపు చూసేవారు. ఆ చిన్నచూపుకు గురైన అక్షరాల్లోనే 1887లో కొత్త నిబంధన మొత్తం వెలువడింది.

కాబట్టి, మీరు బయటి మాటను సంఘంలోకి తెస్తున్నారేమోనన్న భయం వద్దు. స్త్రీకి ఒక పేరు, ఒక పుస్తకం, తన నోటితో సాక్ష్యం చెప్పే హక్కు ఇవ్వడం కొరియా సంఘం పుట్టినప్పుడే చేసిన పని. మీరు ఆమెను పేరు పెట్టి పిలవడంతో మొదలుపెట్టండి.

జవాబు 2: ఆలకించే మనిషి

చరిత్ర పాఠకుడు గారు రాసినదంతా గౌరవంతో చదివాను. అయితే చివరి వాక్యం దగ్గర ఆగమని ప్రశ్న అడిగిన సోదరిని వేడుకుంటున్నాను. నేను కొరియాలో ఆప్త సలహాదారుగా శిక్షణ పొంది, చాలాకాలం అక్కడే పనిచేశాను. అక్కడ వయసులో చిన్నవారు పెద్దవారిని పేరు పెట్టి పిలవడం తీవ్రమైన అమర్యాద. మీరు ప్రేమతో పిలిచినా ఆమెకు అది చెంపదెబ్బలా తగలవచ్చు.

మరో సంగతి కూడా ఉంది. ఆ తరం స్త్రీల పేర్లు అన్నిసార్లూ వరాలు కావు. కొడుకు కోసం ఎదురుచూసిన ఇళ్ళలో ఆడపిల్ల పుడితే "చివరిది" అనే అర్థం వచ్చే అక్షరంతో మల్‌జా, మల్‌సూక్ అనీ, "తరువాత మగపిల్లవాడు" అనే అర్థంతో హునామ్ అనీ పెట్టిన పేర్లు ఉన్నాయి. పుట్టిన పూటే "నువ్వు కోరుకున్న బిడ్డవు కావు" అని రాసి చేతికిచ్చిన చీటీలాంటి పేర్లవి. 2005లో సర్వోన్నత న్యాయస్థానం పేరు మార్పు అనుమతులను సులభం చేసిన తరువాత ఇటువంటి పేర్లు మార్చుకున్నవారు ఉన్నారు. మార్చుకోకుండా మోస్తున్నవారూ ఉన్నారు. అందుచేత పిలవకండి, అడగండి. "మీ పేరు ఏ అక్షరాలతో రాస్తారండీ" అని అడగడం అక్కడ మర్యాదే, ఇష్టంగా జవాబు చెప్పే ప్రశ్న కూడా. ఆమె చెప్పదలచుకుంటే దాని వెంట కథ వస్తుంది, లేకపోతే అక్షరాలు చెప్పి ఊరుకుంటారు. తలుపు ఎంత తెరవాలో ఆమె చేతిలోనే ఉంటుంది.

ఇక "లోటున్న మనిషిని" అన్న మాట. కొరియన్ సంఘాల్లో ఇది ఎంత వాడుక మాటంటే, వేలమంది ఎదుట ప్రసంగించే కాపరి కూడా "లోటున్న ఈ దాసుడు" అనే మొదలుపెడతాడు. పాశ్చాత్య దేశాల్లో తయారైన ఆత్మగౌరవ ప్రశ్నావళులు తూర్పు ఆసియావారికి ఇచ్చినప్పుడు తక్కువ మార్కులు రావడానికి ఈ వినయ భాష కూడా ఒక కారణం. కనుక ఆ మాట విని ఆత్మన్యూనత అని తేల్చేయకూడదు. మీరు కలవరపడవలసింది ఆ మాటకు కాదు, గిన్నెలు కడిగే చోట ఆమె అన్న రెండో మాటకు. మర్యాద నలుగురి ముందు పలికేది, ఆమె ఆ మాట ఒంటరిగా ఉన్నప్పుడు, మీ ముఖం చూడకుండా అన్నారు.

గుండెల్లో మంట, నిద్రలేమి, పరీక్షల్లో ఏమీ తేలకపోవడం అని మీరు రాసిన దానికి కొరియన్లకు తమదైన పేరు ఉంది: హ్వాబ్యోంగ్, అంటే అగ్ని జబ్బు. ఏళ్ళ తరబడి మింగిన కోపం, అన్యాయానికి గురయ్యానన్న ఉక్రోషం ఒంట్లో వేడిగా, ఛాతీ బిగుతుగా, రొమ్ము కింద ముద్దలా, ఆగని నిట్టూర్పులుగా బయటపడటం దీని లక్షణం. మధ్యవయసు దాటిన స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించిన రోగనిర్ణయ గ్రంథం దీన్ని కొరియా సంస్కృతికి చెందిన వ్యాధిగా అనుబంధంలో చేర్చింది. నేను దూరం నుంచి ఆమెకు ఇదే ఉందని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ "పరీక్షల్లో ఏమీ లేదు" అన్నంత మాత్రాన ఏమీ లేదని కాదని ఆమెకు తెలియాలి. అక్కడ మానసిక వైద్యులూ, సంప్రదాయ కొరియన్ వైద్యులూ దీన్ని చూస్తారు. "పిచ్చిదాన్ని అనుకుంటారేమో" అని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళని తరం ఆమెది. హ్వాబ్యోంగ్ అనే మాట మాత్రం వాళ్ళ అమ్మలు కూడా పలికిన మాట. ఆ మాటతో వెళ్ళడానికి సిగ్గు తక్కువ. దయచేసి ప్రార్థనను వైద్యానికి బదులుగా పెట్టవద్దు, పక్కన పెట్టండి.

కాపరి సందర్శన గురించి కూడా ఒక మాట చెప్పాలి. "సింబాంగ్" పేరుతో కాపరి, ఇద్దరు ముగ్గురు పెద్దలు కలిసి ఇంటికి వెళ్ళి ఆరాధన చేయడం అక్కడి సంఘాలకు ప్రాణం లాంటిది. కానీ ఎవరి భారం దించడానికి వెళ్ళామో ఆ స్త్రీయే పొద్దుటినుంచి ఇల్లు తుడిచి, పళ్ళు కోసి, బల్ల సర్ది, భర్త, అత్తగారు కూర్చున్న గదిలో మోకరిల్లుతుంది. అక్కడ ఆమె ఏం చెప్పగలదు? ఇంకోవైపు, పంచుకున్న విన్నపాలు మరుసటి వారానికి కబుర్లుగా మారి తిరుగుతుంటాయి. అందరూ ఒక్కసారిగా గొంతెత్తి చేసే ప్రార్థనలో ఆమెలాంటివారు గుండెలు బాదుకుని ఏడవగలగడానికి కారణం, ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడకపోవడమే. అది గొప్ప ఓదార్పు. కానీ ఒక మనిషి విన్నప్పుడు కలిగే ఓదార్పు దానితో కలగదు. మీరు ఆమెను ఇంటి బయట, ఆమె చేతికి పని లేని చోట కలవండి, టీ మీరే పోయండి. ఆమె లేచి సాయం చేయబోతే కూర్చోమనండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అక్కరకు వచ్చినంతసేపే తాను ఉన్నానని నమ్మే మనిషిని అరగంట సేపు ఏ అక్కరా తీర్చనవసరం లేకుండా కూర్చోబెట్టడం నాకు తెలిసిన కాపరి పరిచర్యలో చాలా కష్టమైన భాగం.

పుస్తకాల పద్ధతి గురించి అడిగారు. "మీకేం కావాలి" అన్న ప్రశ్న ఆమెను భయపెడుతుంది. కొరియన్లు "నా ఇల్లు, నా అమ్మ" అనరు, "మన ఇల్లు, మన అమ్మ" అంటారు. ఆ "మన"లోంచి ఆమెను పెరికివేస్తే మిగిలేది ఆత్మగౌరవం కాదు, ఒంటరితనం. ఆ "మన"లో వడ్డించే చేయిగా కాక, బల్ల దగ్గర కూర్చున్న మనిషిగా ఆమెకు చోటు దొరకాలి.

జవాబు 3: విశ్రాంత కాపరి

అమ్మా, మీరు ప్రసంగం గురించి అడిగిన దానికి ఎవరూ జవాబివ్వలేదు. ఆ ప్రసంగాలు చేసినవాణ్ణి కనుక నేను చెబుతాను.

నేను పదకొండేళ్ళు కొరియాలో వలసకార్మికుల మధ్య, అక్కడి సంఘాలతో కలిసి పరిచర్య చేశాను. ఆ రోజుల్లో ఒక కొరియన్ సోదరి తన భర్త చేయి చేసుకుంటున్నాడని నాతోను, మరొక పెద్దతోను చెప్పుకున్నారు. మేమిద్దరం ఆమెను ఓర్చుకోమని, ఆమె ఓర్పు చూసి భర్త మారతాడని చెప్పి, ప్రార్థన చేసి పంపించాం. ఆమె మళ్ళీ మా దగ్గరికి రాలేదు. ఏడాది తరువాత ఆమె చేయి విరిగి ఆసుపత్రిలో పడ్డారని విన్నాను. అప్పటికే కుటుంబ హింస నేరాలపై ప్రత్యేక చట్టం ఉంది, అది 1997లో చేసి 1998 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం. రాత్రింబవళ్ళు పలికే 1366 అనే సహాయ నంబరూ ఉంది. నాకు అవేవీ తెలియవు, తెలుసుకోవాలని కూడా తోచలేదు. ఓర్చుకోమన్న వాక్యాలు మాత్రం కంఠస్థంగా వచ్చు. మీ క్వోన్సా గారి ఇంట్లో అటువంటిదేదైనా ఉన్నట్టు తోస్తే ఆత్మగౌరవం చర్చ పక్కనపెట్టి ముందు ఆ నంబరు ఆమె చేతికివ్వండి.

సిలువ నెత్తుకోమన్న మాట విషయానికి వస్తే, ఆ మాట వదులుకోమని నేను అనను. అది యేసు ప్రభువు మాట. కానీ ఆయన మార్కు సువార్తలో ఆ మాట పలికిన కొద్ది రోజులకే ఆయన శిష్యులు తమలో ఎవరు గొప్పవారని దారిలో వాదులాడుకున్నారు. తమను తాము పెద్దవారనుకునే మనుషులకు అది మందు. అదే ప్రభువు లూకా సువార్తలో పద్దెనిమిదేళ్ళుగా నడుము వంగిపోయిన స్త్రీని చూసినప్పుడు ఇంకా వంగమనలేదు. సమాజమందిరంలో ఆమెను దగ్గరికి పిలిచి, చేతులుంచి, నిటారుగా నిలబెట్టారు. అబ్రాహాము కుమార్తె అని నలుగురి ఎదుట అన్నారు. ఒకే వైద్యుడు ఇద్దరు రోగులకు రెండు మందులు ఇచ్చినప్పుడు మేము మాత్రం ఏళ్ళ తరబడి అందరికీ ఒకటే పోశాం. వినేవారిలో ఎక్కువమంది స్త్రీలు, వారిలో చాలామంది అప్పటికే వంగి ఉన్నవారు.

ప్రసంగించేది ఎవరన్నదీ ఆలోచించవలసిందే. మెథడిస్టులు 1955లోనే స్త్రీలను అభిషేకించారు. ప్రెస్బిటేరియన్లలో తొంగ్‌హాప్ శాఖ 1994లో నిర్ణయించి 1996 నుంచి అభిషేకిస్తోంది, హాప్‌దోంగ్ శాఖ ఇప్పటికీ స్త్రీలను కాపరులుగా అభిషేకించదు. జొందోసా (అభిషేకం లేని సువార్త పరిచారకులు) అనే హోదాలో ఉన్న స్త్రీలు ఇంటింటికీ తిరిగి కన్నీళ్ళు వింటారు, పురుషుడు వేదిక మీద నుంచి మాట్లాడతాడు. విన్నవారికీ మాట్లాడేవారికీ నడుమ దారి మూసుకుపోయి ఉంది.

క్షమాపణ గురించి కూడా జాగ్రత్త పడాలి. 2018 జనవరిలో సో జీహ్యోన్ అనే ప్రభుత్వ న్యాయవాది టెలివిజన్‌లో తన ముఖంతో, తన పేరుతో, ఒక పై అధికారి తనపట్ల లైంగికంగా అనుచితంగా ప్రవర్తించాడని చెప్పారు. ఆ తరువాత దేశమంతటా ఎందరో స్త్రీలు నోరు తెరిచారు. జరిగినదాంట్లో తన తప్పు లేదని గ్రహించడానికే తనకు ఎనిమిదేళ్ళు పట్టిందని ఆమె అన్నారు. ఆ వ్యక్తి మతంలో చేరి, తాను పశ్చాత్తాపపడి రక్షణ పొందానని సాక్ష్యం చెప్పుకుంటున్నాడని విన్నాననీ, పశ్చాత్తాపం ముందు బాధితుల ఎదుట పడవలసిందనీ కూడా అన్నారు. నేను ఏ వేదాంత కళాశాలలోనూ పశ్చాత్తాపం గురించి ఇంత స్పష్టమైన పాఠం వినలేదు. గాయపడిన స్త్రీని తొందరపెట్టి క్షమింపజేసి, గాయపరచినవాడికి వేదిక ఇచ్చే సంఘం ఎవరి ఆత్మను కాస్తున్నట్టు?

సంఘం మేలు చేసిన సందర్భమూ చెప్పకపోతే అన్యాయమవుతుంది. జపాను సైన్యం లైంగిక బానిసలుగా వాడుకున్న స్త్రీల గురించి ప్రొఫెసర్ యూన్ జొంగ్‌ఓక్ సేకరించిన వివరాలకు 1988లో వేదిక కల్పించినది కొరియా సంఘాల స్త్రీల ఐక్య సమాఖ్య. మూడేళ్ళ తరువాత, 1991 ఆగస్టు 14న, కిమ్ హాక్‌సూన్ గారు తన సొంత పేరుతో లోకం ముందుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. యుద్ధం ముగిసిన నాటినుంచి నలభై ఆరేళ్ళ మౌనం అది. పేరు గురించి మొదటి సోదరుడు రాసినది చదువుతుంటే నాకు ఆమే గుర్తుకొచ్చారు.

జవాబు 4: తేజాన్ కోడలు

నేను కొరియన్ కుటుంబంలో కోడలిని, తేజాన్‌లో ఉంటాను. పెద్దలందరూ అరవై ఏళ్ళ అమ్మ గురించి చక్కగా చెప్పారు. నా వయసువాళ్ళ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు కాబట్టి కొద్దిగా రాస్తున్నాను.

1990లో ఈ దేశంలో ప్రతి 100 మంది ఆడపిల్లలకు 116 మందికి పైగా మగపిల్లలు పుట్టారు. ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్పనక్కరలేదు. ఆ ఏడు పుట్టిన అమ్మాయిలు ఇప్పుడు నా తోటి స్నేహితురాళ్ళు. ఇంటి పెద్దగా పురుషుణ్ణే నమోదు చేసే పద్ధతిని 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టింది, 2008 జనవరి 1 నుంచి అది రద్దయింది. దాని కోసం జీవితమంతా పోరాడిన తొలి మహిళా న్యాయవాది ఈ తేయోంగ్ గారు 1998లోనే కన్నుమూశారు. చట్టం మారింది. కానీ స్త్రీ పురుషుల జీతాల మధ్య తేడా ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి దేశాలన్నింటిలో ఇక్కడే ఎక్కువ, సుమారు 30 శాతం. ఉద్యోగం అడగబోయే అమ్మాయి ముఖం గురించి, బరువు గురించి ఇంటా బయటా వినే మాటలు వేరే చెప్పాలా?

నా స్నేహితురాళ్ళు "లోటున్న మనిషిని" అని తల వంచరు. సంఘం మానేస్తారు. 2023లో ఈ దేశంలో సగటున ఒక స్త్రీకి 0.72 మంది పిల్లలు అని లెక్క తేలినప్పుడు, మా దగ్గర ఒక ప్రసంగంలో పిల్లల్ని కనని స్త్రీలు స్వార్థపరులని వినిపించింది. నా పక్కన కూర్చున్న అమ్మాయికి రెండుసార్లు గర్భం నిలవలేదు. ఆమె మళ్ళీ రాలేదు, వెళ్ళి అడిగినవారూ లేరు.

మా అత్తగారు కూడా క్వోన్సానే. పూర్వీకులకు బలిపూజ మానేసి, చుసొక్ పండుగనాడు స్మారక ఆరాధన చేస్తాం. కానీ మూడు రోజుల వంట మాత్రం అలాగే ఉంది, వండే చేతులూ అవే. పోయిన ఏడు నేను ధైర్యం చేసి, ఈసారి మనం కూడా ఆరాధనలో మొదటినుంచీ కూర్చుందామా అత్తయ్యా అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నారు. పరదేశి కోడలినన్న సౌకర్యం కొంత పనికొచ్చింది; వాళ్ళ అమ్మాయి అడిగి ఉంటే గొడవయ్యేది. మీకూ ఆ సౌకర్యం ఉంది అక్కా, దాన్ని జాగ్రత్తగా వాడుకోండి.

ప్రశ్న అడిగినవారి నుంచి: వేదవిద్యార్థిని

అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. జవాబులు చదివిన తరువాత మూడు వారాలు ఆగి రాస్తున్నాను. ఆమె అనుమతి అడిగే రాస్తున్నాను.

వంటగదిలో కాకుండా, సంఘానికి కొంచెం దూరంలో ఉన్న ఒక చిన్న టీ దుకాణంలో కలిశాం. ఆమె రెండుసార్లు లేచి కప్పులు తీయబోయారు, రెండుసార్లూ నేనే ముందు లేచాను. కాసేపు వాతావరణం గురించి, నా పరీక్షల గురించి మాట్లాడుకున్నాక, మీ పేరు ఏ అక్షరాలతో రాస్తారండీ అని అడిగాను. ఆమె వేలితో బల్ల మీద రాసి చూపించారు. మొదటిది, ఇక్కడ ఒకరు చెప్పిన "చివరిది" అనే అక్షరమే.

ఆమె నాలుగో ఆడపిల్ల. ఇక ఆడపిల్లలు చాలని తండ్రి ఆ అక్షరం పెట్టారట. రెండేళ్ళకు తమ్ముడు పుట్టాడట. పేరు పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషించి, ఆమెను ఎత్తుకుని ముద్దాడారట. తనను మెచ్చుకున్నట్టు తనకున్న మొదటి జ్ఞాపకం అదేనని చెప్పారు. అక్కరకు వచ్చినంతసేపే ఉన్నట్టు అనిపిస్తుందని ఆమె ఆ రోజు ఎందుకన్నారో నాకు అప్పుడు అర్థమైంది. నాకు ఏ వాక్యమూ నోటికి రాలేదు, తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు. ఇద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఈ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదని, అడిగితే ఏం చెప్పేదాన్నో తనకూ తెలియదని అన్నారు.

హ్వాబ్యోంగ్ అనే మాట నేను ఎత్తకముందే ఆమే ఎత్తారు. వాళ్ళ అమ్మకూ ఉండేదట. గురువారం నాడు వైద్యుడి దగ్గరికి తోడు వెళ్తున్నాను. ఇంట్లో హింస వంటిదేమీ లేదని కూడా మెల్లగా అడిగి తెలుసుకున్నాను. విశ్రాంత కాపరి గారూ, మీరు మీ సంగతి దాచకుండా చెప్పకపోయి ఉంటే నాకు ఆ ప్రశ్న అడగాలని తోచేది కాదు.

వంగిన స్త్రీ భాగాన్ని వచ్చే నెల స్త్రీల కూటంలో చదవడానికి అక్కడి జొందోసా గారు ఒప్పుకున్నారు. ప్రసంగాల గురించి ప్రధాన కాపరి గారితో మాట్లాడే స్థానం నాకు లేదు. జొందోసా గారికైనా ఉందో లేదో చూడాలి.

నిన్న కూటంలో విన్నపాలు అడిగినప్పుడు మా క్వోన్సా గారి వంతు వచ్చింది. మనవడి పరీక్ష అన్నారు. కాసేపు ఆగి, నాకు రాత్రి నిద్ర పట్టాలని కూడా ప్రార్థించండి అన్నారు. పక్కన కూర్చున్న మరో క్వోన్సా తన పుస్తకంలో అది రాసుకోబోయి, కలం ఆపి, ఒక్కసారి ఆమె ముఖంలోకి చూశారు. తరువాత రాసుకున్నారు.